తనిఖీ గదులకేనా?

సికింద్రాబాద్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రంపై 2025 జులైలో నమోదైన కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. సరోగసీ (దంపతుల కోసం మరో మహిళ గర్భం మోయడం) ద్వారా పుట్టిన మీ బిడ్డేనంటూ అప్పగించిన పసికందు డీఎన్‌ఏ తమతో కలవకపోవడంతో అక్కడికి వచ్చిన దంపతులు పోలీసులను ఆశ్రయించారు. అసలు సరోగసీయే జరగలేదని, ఒక పేద జంట బిడ్డను కొని తెచ్చి, ఈ దంపతుల దగ్గర సుమారు 35 లక్షల రూపాయలు గుంజారని పోలీసుల అభియోగం. ఆ వెంటనే ఐవీఎఫ్ (శరీరం బయట పిండాన్ని రూపొందించే చికిత్స) కేంద్రాల తనిఖీకి తెలంగాణ ప్రభుత్వం ఆదేశించింది.

తనిఖీలు జరగవలసినవే. అయితే ఆ బృందాలు వెళ్లి ఏం చూస్తాయన్నదే నా సందేహం.

2005 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలకు చట్టబలం లేదు కనుక చాలాకాలం ఈ రంగానికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చిన రెండు చట్టాలు, ఒకటి ఏఆర్‌టీపై (ఐవీఎఫ్ వంటి కృత్రిమ గర్భధారణ చికిత్సలపై), మరొకటి సరోగసీపై, రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేశాయి. ఎంబ్రియాలజిస్టు (పిండాలను చూసే నిపుణులు), కౌన్సెలర్ ఉన్నారా, ల్యాబ్ ఎలా ఉంది, పరికరాలు సరిగా ఉన్నాయా అన్నవి ఒక్క పూటలో చూసి రాసుకోదగిన విషయాలు. మోసం జరిగే చోటు మాత్రం గదుల్లో కాదు, కాగితాల్లో ఉంటుంది.

సరోగసీ చట్టాన్నే తీసుకుందాం. దంపతులకు వైద్యపరమైన అవసరం ఉందని జిల్లా మెడికల్ బోర్డు ధ్రువీకరించాలి. పుట్టబోయే బిడ్డ తల్లిదండ్రులెవరో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ముందుగానే ఉత్తర్వు ఇవ్వాలి. ప్రసవం తర్వాత ఆ ఉత్తర్వే జననానికి ఆధారపత్రం అవుతుంది. గర్భం మోసే మహిళకు 36 నెలల బీమా కూడా ఉండాలి. అంటే చట్టప్రకారం జరిగిన ప్రతి సరోగసీకి మూడు నాలుగు కార్యాలయాల్లో ఆనవాలు మిగలక తప్పదు. జరగని సరోగసీకి ఆ ఆనవాలు ఎక్కడా దొరకదు. ఆసుపత్రి రిజిస్టరును కోర్టు ఉత్తర్వులతో, మున్సిపాలిటీ జనన నమోదుతో పక్కపక్కన పెట్టి చూసే తనిఖీకి ఇంక్యుబేటర్ గురించి తెలిసినవారే రానక్కర్లేదు, ఓపికున్న గుమస్తా చాలు.

అండదాతల సంగతీ ఇంతే. 23 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న మహిళ జీవితంలో ఒక్కసారే, అదీ ఏడు అండాలకు మించకుండా ఇవ్వాలని చట్టం. దాత ఆధార్ సంఖ్య తీసుకోవలసిన బాధ్యత అండాలు, వీర్యం సేకరించి నిల్వచేసే ఏఆర్‌టీ బ్యాంకుది. విజయవాడలో అండాలిచ్చిన మహిళను ఏజెంటు మరుసటి ఏడాది హైదరాబాద్‌కు తీసుకొస్తే, అక్కడి కేంద్రానికి ఆ విషయం తెలియజెప్పే ఉమ్మడి రికార్డు అప్పటికప్పుడు అందుబాటులో లేకపోతే ఆ నిబంధన కాగితానికే పరిమితం. కేంద్రాలు రికార్డులను కనీసం పదేళ్లు దాచి, ఆ తర్వాత జాతీయ రిజిస్ట్రీకి అప్పగించాలని చట్టం చెబుతోంది. పదేళ్ల తర్వాత అందే రికార్డులతో ఇవాళ జరిగే అక్రమాన్ని పట్టుకునేదెలా?

ఇంకో చిక్కు, ఏఆర్‌టీ చట్టం కింద కోర్టు కేసు చేపట్టాలంటే ఈ రంగాన్ని చూసే జాతీయ లేదా రాష్ట్ర బోర్డో, జాతీయ రిజిస్ట్రీయో, అధికారం పొందిన అధికారో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మోసపోయినవారు తమంతట తాముగా ఈ చట్టం కింద కోర్టుకెక్కలేరు. కాబట్టి అధికారి కదలకపోతే, మొదటి తప్పుకు 5 నుంచి 10 లక్షల జరిమానా అన్న నిబంధన ఉన్నా లేనట్టే.

బ్రిటన్‌లో 1991 నుంచి ఈ రంగాన్ని పర్యవేక్షిస్తున్న నియంత్రణ సంస్థ హెచ్‌ఎఫ్‌ఈఏ ప్రతి క్లినిక్ తనిఖీ నివేదికను తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. మన దంపతులకు మాత్రం హోర్డింగు మీది పసిపాప బొమ్మ, తెలిసినవారి మాట, ఇవే దిక్కు.

ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ గడువు ఐదేళ్లు. ఆ చట్టం కింద తొలి ఏడాది అనుమతి పొందిన కేంద్రాలు 2027లో పునరుద్ధరణకు రావలసి ఉంటుంది. గడిచిన ఐదేళ్ల సరోగసీ, అండదాన రికార్డులన్నీ కోర్టు, జనన నమోదు వివరాలతో సరిచూసి, ఆ నివేదికను అందరికీ కనబడేలా పెట్టాకే అనుమతి పొడిగిస్తామని రాష్ట్రాలు ఇప్పుడే ప్రకటించవచ్చు; అందుకు చట్టాన్ని సవరించేదాకా ఆగనవసరం లేదు.