ఒక్క కుర్చీ, మా కరివేపాకు కుండీ

అమెరికాలో మేముండే వాషింగ్టన్ రాష్ట్ర సెనేట్‌లో ఒక్క కుర్చీకి ఉప ఎన్నిక. 2017 అక్టోబరులో ఒక సాయంత్రం పోస్ట్‌బాక్సు తాళం తీయగానే ఏడు ఎన్నికల ఫ్లయర్లు నా కాళ్ల మీద పడ్డాయి. మామూలు కాగితాలు కావు. నున్నటి గట్టి అట్ట, రెండు వైపులా రంగుల ముద్రణ. మా పెళ్లి శుభలేఖకు కూడా మా నాన్న అంత మంచి అట్ట వాడలేదు. నాలుగింటి ప్రకారం ఒకావిడ గెలిస్తే మన వీధి చివర హెరాయిన్ ఎక్కించుకునే కేంద్రం వెలుస్తుంది, పైగా అప్పటిదాకా లేని రాష్ట్ర ఆదాయపు పన్ను కూడా వస్తుంది. మిగతా మూడింటి ప్రకారం రెండో ఆవిడ గెలిస్తే సాక్షాత్తూ ట్రంప్ వచ్చి మన హాల్లో సోఫా మీద కూర్చుంటాడు.

ఆ రెండు ప్రమాదాల్లో దేన్నీ ఆపే అధికారం నాకు లేదు. నాది హెచ్1బీ. ఓటు లేదు. అయినా ఈ వ్యాసం రాసే అర్హత నాకే ఎక్కువ ఉందని వినయంగా మనవి చేస్తున్నాను. పెళ్లి భోజనంలో ఉప్పు తక్కువైందని చెప్పేది వంట చేసినవాడా, తిన్నవాడా?

విషయం గంభీరమైనది కాబట్టి పద్ధతిగా చెబుతాను. వాషింగ్టన్ రాష్ట్ర సెనేట్‌లో 49 కుర్చీలు. వాటిలో మా 45వ జిల్లా (ఇక్కడ నియోజకవర్గాన్ని అలా అంటారు) కుర్చీ రిపబ్లికన్ సెనేటర్ ఆండీ హిల్‌ది. ఆయన 2016 అక్టోబరు చివర్లో క్యాన్సర్‌తో చనిపోయారు. ఉప ఎన్నిక దాకా కూర్చోవడానికి డీనో రోసీని నియమించారు. ఒక్కో ఓటు విలువ ఆయనకు తెలిసినంతగా ఈ రాష్ట్రంలో ఇంకెవరికీ తెలియదు. 2004 గవర్నర్ ఎన్నికలో మొదటి లెక్కలో గెలిచి, రెండో లెక్కలో గెలిచి, చేత్తో లెక్కపెట్టిన మూడో లెక్కలో 129 ఓట్లతో ఓడిపోయిన మనిషి.

ఉప ఎన్నికలో డెమోక్రాట్ల తరఫున మంకా ధింగ్రా, రిపబ్లికన్ల తరఫున జిన్‌యంగ్ ఇంగ్లండ్ నిలబడ్డారు. ధింగ్రా భోపాల్‌లో పుట్టిన సిక్కు మహిళ, ఇక్కడి కింగ్ కౌంటీలో ప్రభుత్వ ప్రాసిక్యూటర్. ఇంగ్లండ్ కొరియా సంతతి. ఈ సంగతి ఫోన్‌లో చెబితే మా అమ్మ, "ఇండియా ఆవిడా, ఇంగ్లండ్ ఆవిడా? అయితే మ్యాచ్ ఎన్నింటికి రా?" అంది.

నిజంగా మ్యాచే. అప్పటికి సెనేట్‌లో రిపబ్లికన్లు 24 మంది, డెమోక్రాట్లు 25 మంది. మెజారిటీ మాత్రం రిపబ్లికన్లదే. లెక్క తప్పలేదు, మళ్లీ చదవండి. టిమ్ షెల్డన్ అనే డెమోక్రాట్ రిపబ్లికన్ల పక్కన కూర్చునేవాడు.

మన దగ్గర ఫిరాయించాలంటే ఎంత తతంగం! ముందు అలగాలి. అనుచరులతో ఆత్మీయ సమావేశం పెట్టాలి. నియోజకవర్గ అభివృద్ధి కోసమే అని ప్రకటించాలి. కండువా కప్పించుకోవాలి. ఆ తర్వాత ఫిరాయింపులను నిషేధించే పదో షెడ్యూలు, స్పీకరుకు ఫిర్యాదు, కోర్టు, ఈలోగా అయిదేళ్లు ఎటూ అయిపోతాయి. షెల్డన్‌కు ఇవేమీ అక్కర్లేదు. పాత కండువాతోనే వెళ్లి అవతలి బల్ల దగ్గర కూర్చున్నాడు, అక్కడే ఉండిపోయాడు. ఇక్కడ ఫిరాయింపుల చట్టం లేదు.

ఆయనకు మార్గదర్శి ఇంకొకాయన ఉన్నాడు, రాడ్నీ టామ్. మొదట రిపబ్లికన్. 2006లో డెమోక్రాట్ అయ్యాడు. 2012 ఎన్నికల్లో డెమోక్రాట్లు 26, రిపబ్లికన్లు 23 గెలిస్తే, ఆ డిసెంబరులో షెల్డన్‌ని వెంటబెట్టుకుని రిపబ్లికన్లతో కూటమి కట్టి, తానే సభలో మెజారిటీ నాయకుడయ్యాడు. గెలిచిన పార్టీ ప్రతిపక్షంలో, ఓడిన పార్టీ అధికారంలో, నాయకుడేమో గెలిచిన పార్టీ వాడు. మన గోడ దూకేవాళ్లు దీని గురించి చదివితే కుళ్లుకుంటారు. ఆయన దూకలేదు, గోడనే జరిపాడు.

సరే, ఆ ఒక్క కుర్చీ చేతులు మారితే ఏమవుతుంది? అంతా అవుతుంది. మెజారిటీ ఉన్నవాళ్లే కమిటీలకు అధ్యక్షులు. ఇక్కడ బిల్లును ఓడించే శ్రమ ఎవరూ పడరు. అధ్యక్షుడు దాన్ని విచారణకు పిలవడు, అంతే. మన తహసీల్దారు ఆఫీసులో ఫైలు "పరిశీలనలో ఉంది" చూడండి, అదే విద్య, కాస్త ఇంగ్లీషులో.

అందుకే దేశం నలుమూలల నుంచీ డబ్బు వచ్చిపడింది. ఇద్దరి ప్రచారమూ, బయటి సంఘాల ఖర్చూ కలిపి దాదాపు 90 లక్షల డాలర్లు. అప్పటి రేటుకు యాభై కోట్ల రూపాయలు దాటింది. ఈ రాష్ట్రంలో ఒక శాసనసభ్యుడి సీటుకు అంతవరకూ ఎవరూ ఇంత పెట్టలేదు. ఆ ఉద్యోగానికి అప్పట్లో జీతం ఏడాదికి 50 వేల డాలర్ల లోపు. పైగా అది ఆండీ హిల్ పదవీకాలంలో మిగిలిన ముక్క, ఏడాది గడిస్తే మళ్లీ ఎన్నిక. మా ఆఫీసులో ఏడాది కాంట్రాక్టు కోసం ఎవడైనా ఇంత ఖర్చు పెడతానంటే హెచ్‌ఆర్ వాళ్లు ముందు అంబులెన్సు పిలుస్తారు.

ఇంత డబ్బులో ఓటరు చేతికి ఒక్క డాలరూ రాలేదు. ఈ విషయంలో అమెరికా ప్రజాస్వామ్యం ఇంకా పసిది. ఇక్కడ పోలింగ్ బూత్ ఉండదు, సిరా చుక్క ఉండదు, బ్యాలెట్ పోస్టులో ఇంటికొస్తుంది. నింపి, సంతకం చేసి, తిరిగి పోస్టు చెయ్యాలి. అప్పట్లో దానికి స్టాంపు కూడా ఓటరే అంటించాలి, 49 సెంట్లు. మన దగ్గర ఓటుకు నోటు ఇస్తే కేసవుతుంది. ఇక్కడ ఓటరే ఎదురు ఇచ్చుకోవాలి. నాతో పనిచేసే సిటిజన్ ఒకాయన 49 సెంట్లు ఎందుకు దండగ అని డ్రాప్ బాక్సులో వేయడానికి కారేసుకుని వెళ్లి, వచ్చేటప్పుడు ఆరు డాలర్లు పెట్టి కాఫీ తాగి వచ్చాడు.

అప్పట్లో మా జిల్లాలో వుడిన్‌విల్, డువాల్, ఇంకా కర్క్‌లాండ్, సమామిష్, రెడ్మండ్‌లలో కొంత కొంత వచ్చేవి. రెడ్మండ్ పూర్తిగా వచ్చేది కాదు. అవతలి భాగం 48వ జిల్లా. అక్కడుండే మిత్రుడికి ఈ నెలరోజులూ ఒక్క ఫ్లయరూ రాలేదు. "మీకేంటండీ, మీది 45. మా బాక్సులో పిజ్జా కూపన్ తప్ప ఏమీ ఉండదు," అని దిగులుగా అన్నాడు. మొహమాటపడి నా వాటిలో రెండు ఇవ్వబోయాను. రంగు బాగున్నది ఎంచుకున్నాడు.

నవంబరు 7న ఓట్ల లెక్క మొదలైంది. ధింగ్రా 55 శాతం దాటి గెలిచారు. షెల్డన్ అవతలి పక్కనే ఉన్నా సెనేట్ డెమోక్రాట్ల చేతికొచ్చింది, 25–24. "భారత సంతతి మహిళ ఘనత" అని మన వాళ్లు వాట్సాప్‌లో హోరెత్తించారు. భోపాల్ అయింది కాబట్టి భారత సంతతితో ఆపారు. 2019లో వర్జీనియా సెనేట్ చేతులు మారినప్పుడు అక్కడ గెలిచినవారిలో గజాలా హాష్మీ ఉన్నారు, హైదరాబాద్‌లో పుట్టి నాలుగేళ్ల వయసులో అమెరికా వెళ్లినావిడ. అంతే, ఆవిడ "మన అమ్మాయి" అయిపోయింది. ఆ నాలుగేళ్లలో మనం ఆవిడకి ఎన్ని రాజనీతి పాఠాలు నేర్పామో!

మనకూ పెద్దల సభ ఉంది కదా, మెజారిటీ మార్చడానికి ఇంత కష్టం దేనికి అని మీరడగవచ్చు. నిజమే. ఎన్టీఆర్ 1985లో శాసనమండలిని ఏకంగా ఎత్తేశారు. 2007లో అది మళ్లీ వచ్చింది. 2020 జనవరిలో రాజధాని బిల్లులు మండలిలో ఆగిపోగానే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దాన్ని రద్దు చేయాలని తీర్మానించింది. కాలం గడిచి, మండలిలో బలం సమకూరాక, 2021 నవంబరులో ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. డాలరు ఖర్చు లేదు. కుర్చీ కోసం కొట్టుకోవడం ఎందుకు, గదికే తాళం వేస్తే సరిపోయె!

మళ్లీ వాషింగ్టన్‌కి వద్దాం. 2017లో సభ మూడు ప్రత్యేక సమావేశాలు పెట్టుకుని మరీ బడి భవనాలూ వగైరాలకిచ్చే క్యాపిటల్ బడ్జెట్ పాస్ చేయకుండా ఇంటికెళ్లింది. కారణం బోరు బావులు. నీళ్లున్నాయని తేలందే బోరు మీద ఆధారపడే కొత్త ఇంటికి అనుమతి ఇవ్వకూడదన్నట్టు రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బోరు సంగతి తేలిస్తేనే బడ్జెట్ అని రిపబ్లికన్లు పట్టుబట్టారు. బోరు కోసం ప్రభుత్వాన్ని ఆపగలరని తెలిసి, మా అనంతపురం వాడిగా నాకు కళ్లు చెమర్చాయి. 2018 జనవరిలో రెండూ ఒకే రోజు గట్టెక్కాయి.

ఫిబ్రవరిలో అసలు వినోదం. శాసనసభ్యుల ఈమెయిళ్లు, డైరీలు కూడా ప్రజలు అడిగితే చూపించాల్సిందే అని ఒక జడ్జి అప్పటికే చెప్పాడు. దాని నుంచి తప్పించుకునే బిల్లు ప్రవేశపెట్టిన రెండు రోజుల్లో ఉభయ సభలూ దాటేసింది. బహిరంగ విచారణ లేదు, సభలో చర్చ లేదు. సెనేట్‌లో 41–7. పన్ను మీద కలవనివాళ్లు, బోరు మీద కలవనివాళ్లు, సొంత ఉత్తరాల దగ్గరికి వచ్చేసరికి బావా బావా అనుకున్నారు. 90 లక్షల డాలర్లు పోసి ఎటో ఒకవైపు తేల్చిన ఆ ఒక్క కుర్చీ తేడా ఆ 41లో ఏ మూల ఉందో భూతద్దం పెట్టి వెతికాను.

రాష్ట్రంలో డజనుకు పైగా దినపత్రికలు మొదటి పేజీలోనే సంపాదకీయాలు రాశాయి. జనం ఫోన్లు, మెయిళ్లతో గవర్నర్ జే ఇన్‌స్లీ ఆఫీసును ముంచెత్తారు. చివరికి బిల్లుకు ఓటేసిన సభ్యులే, దయచేసి దీన్ని వీటో చెయ్యండి అని గవర్నర్‌కు ఉత్తరం రాశారు. తాము కట్టిన ఇల్లు తామే కూల్చమని మున్సిపాలిటీకి అర్జీ పెట్టుకున్నట్టు. మార్చి 1న ఆయన వీటో చేశారు. ఆ ఉత్తరం మాత్రం దాచలేదు, అందరూ చదివారు.

2018 నవంబరులో అదే కుర్చీకి మళ్లీ ఎన్నిక. ధింగ్రా మళ్లీ గెలిచారు. ఈసారి సభ చేతులు మారే భయం అంతగా లేదు కాబట్టి పోస్ట్‌బాక్సు మూత చక్కగా పడింది. ఇబ్బంది వచ్చిందల్లా మా ఆవిడకే. చలికాలం మొదలవగానే కరివేపాకు కుండీని ఇంట్లోకి తెచ్చి కిటికీ దగ్గర పెడుతుంది. కింద కార్పెట్ తడవకుండా కిందటేడు పరిచిన ఫ్లయర్లు ఏడాది పాటు నిక్షేపంగా నిలిచాయి. ఇప్పుడు అంచులు పైకి లేచాయి. "కొత్తవి ఏమైనా వచ్చాయా?" అని రోజూ అడుగుతుంది. పిజ్జా కూపన్లే వస్తున్నాయి, అవి చాలా పల్చన.