"ఏదో ఒక లినక్స్ వేసుకోండి" అన్న సలహాకు నా జవాబు

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లను ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబుగా, విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) వేసుకోమంటూ ఒక సందేశం తెగ తిరుగుతోంది. నాకే నాలుగైదు సార్లు వచ్చింది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇదీ: "లినక్సులన్నీ ఒకటే, పేర్లే వేరు. ఏదో ఒకటి వేసుకోండి. ఇంట్లో సర్వర్ పెట్టుకోవాలన్నా అన్నిటికంటే కొత్త వెర్షన్ వేసి వదిలేయండి, ఏళ్ల తరబడి చూడక్కర్లేదు. వైరస్ రాదు కాబట్టి అప్‌డేట్ల గొడవ ఉండదు. ఎంత పాత కంప్యూటరైనా పరిగెడుతుంది. విండోస్ సాఫ్ట్‌వేర్లన్నీ నడుస్తాయి. నచ్చకపోతే మళ్లీ మార్చుకోవచ్చు, పోయేదేమీ లేదు."

ఇది రాసినవాళ్లకు ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరూ చూడగల, మార్చుకోగల సాఫ్ట్‌వేర్) అంటే అభిమానం ఉందని తెలుస్తూనే ఉంది. నాకూ ఉంది. మా ఇంట్లో కంప్యూటర్లన్నీ అలాంటి సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి. అందుకే ఊరుకోలేకపోతున్నాను. ఈ మాటలు నమ్మి దిగినవాళ్లు చిన్న ఇబ్బంది రాగానే "ఇదంతా అబద్ధం" అనుకుని వెనక్కి పోతారు. వాళ్లను మళ్లీ ఇటు తీసుకురావడం చాలా కష్టం.

"లినక్సులన్నీ ఒకటే."

అన్నిటికీ కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపే ఓఎస్ గుండెకాయ) ఒకటే, 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది. అంతవరకే నిజం. దాని చుట్టూ వేల ప్యాకేజీలను (ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా కట్టిన ప్రోగ్రామ్‌లను) పోగుచేసి, పరీక్షించి, లోపం బయటపడినప్పుడు సవరించి మీకు పంపేది డిస్ట్రో (డిస్ట్రిబ్యూషన్). కాబట్టి డిస్ట్రోను ఎంచుకోవడమంటే ఆ పని చేసే మనుషులను ఎంచుకోవడం. ఆ సవరణలు ఎవరు పంపుతారు, ఎన్నాళ్లు పంపుతారు అన్నదే మొదట అడగాల్సిన ప్రశ్న. సందేశంలో దాని ఊసే లేదు.

ఎన్నాళ్లు అన్నదాంట్లో ఎంత తేడా ఉందో చూడండి. ఫెడోరా అనే డిస్ట్రో ఒక వెర్షన్‌ను సుమారు 13 నెలలు చూసుకుంటుంది. ఉబుంటులో రెండేళ్లకొకసారి వచ్చే ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే) వెర్షన్‌కు 5 ఏళ్లు, మధ్యలో వచ్చేవాటికి 9 నెలలే. డెబియన్‌లో బాగా పరీక్షించి విడుదల చేసే స్టేబుల్ శాఖకు 3 ఏళ్లు పూర్తి సపోర్ట్, ఆపైన ఎల్‌టీఎస్ బృందం కలిపి మొత్తం 5. ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ పదేళ్ల లెక్కన నడుస్తాయి. ఆర్చ్‌లో అసలు వెర్షన్లే ఉండవు, ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. దాన్ని తరచూ అప్‌డేట్ చేసుకునేవాళ్లకు అది హాయి. ఆరు నెలలు మూసిపెట్టి ఒక్కసారిగా అప్‌డేట్ చేయబోతే ప్యాకేజీలు అసలైనవేనా అని సరిచూసే సంతకాల తాళాలు పాతబడిపోయి అవి దిగనంటాయి. నెలకొకసారి మెయిల్ చూసుకోవడానికి కంప్యూటర్ తెరిచే పెద్దమనిషికి ఆర్చ్ పెట్టి ఇవ్వడం ఆయనకు అన్యాయం చేయడమే.

పైగా ఓపెన్ సోర్స్ అంటే లినక్స్ ఒక్కటే కాదు. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఓఎస్ 1993 నుంచి ఉంది. అందులో కెర్నెల్, దాని చుట్టూ ఉండే మూల పరికరాలు అన్నీ ఒకే ప్రాజెక్టువి. జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) దాంతోనే వస్తుంది. ఒక సర్వీసును మిగతావాటి నుంచి విడిగా ఉంచే 'జైల్' అనే సదుపాయం 2000 నుంచే ఉంది. ఫైళ్లు దాచుకునే ఇంటి సర్వర్‌కు అది చక్కటి ఎంపిక. ల్యాప్‌టాప్ వై-ఫై విషయంలో మాత్రం లినక్స్ కంటే వెనకబడి ఉంది. 'ఒకటే' అన్నమాట ఇక్కడే తేలిపోతుంది. సర్వర్‌కు మేలైనది ల్యాప్‌టాప్‌కు మేలైనది కాకపోవచ్చు.

"అన్నిటికంటే కొత్తది వేసి వదిలేయండి."

నాకు ఎక్కువ బాధ కలిగించిన వాక్యం ఇదే, ఎందుకంటే నేను చేసిన తప్పు అచ్చంగా ఇదే. మొదటిసారి ఇంటి సర్వర్ పెట్టుకున్నప్పుడు వెబ్‌సైట్‌లో అన్నిటికంటే పెద్ద అంకె ఉన్న వెర్షన్ దింపుకున్నాను. అది తొమ్మిది నెలల వెర్షన్ అని చూడలేదు. ఏడాది దాటాక ఏదో ప్యాకేజీ కావాలని కమాండ్ ఇస్తే వరసగా 404 (దొరకలేదు) అని వచ్చింది. ఆ వెర్షన్ ప్యాకేజీలను మామూలు చోటు నుంచి తీసేశారు. అంటే అప్పటికి కొన్ని నెలలుగా నా సర్వర్ ఒక్క భద్రతా సవరణ కూడా లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంది. ఏమీ జరగలేదు కానీ, అది నా అదృష్టం తప్ప జాగ్రత్త కాదు.

కొత్త అంకె చూసి ఎంచుకోవడంలో ఇంకో పొరపాటు కూడా ఉంది. డెబియన్ స్టేబుల్‌లో ఒక ప్రోగ్రామ్ వెర్షన్ పాతగా కనబడితే అందులో పాత లోపాలన్నీ అలాగే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి భద్రతా సవరణలను ఆ పాత వెర్షన్‌కే అతికించి పంపుతారు. పైకి కనబడే అంకె పెద్దగా మారదు, లోపం పోతుంది.

కొత్తదనమే ప్రమాదమైన సందర్భం 2024లో అందరూ చూశారు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్రోగ్రామ్‌లో, ఏళ్ల తరబడి సాయం చేసి నమ్మకం సంపాదించిన ఒక మారుపేరు మనిషి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగచాటుగా లోపలికి రావడానికి దొడ్డిదారి పెట్టాడు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీస్తే అది బయటపడింది. మార్చి 29న ఆయన లోకానికి చెప్పేటప్పటికి ఆ వెర్షన్లు డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖలకు, ఫెడోరా ముందస్తు వెర్షన్లకు చేరిపోయాయి. డెబియన్ స్టేబుల్‌కు చేరలేదు. సర్వర్‌ను నిదానంగా నడిచే శాఖమీద ఉంచమని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే.

నిదానమైనది ఎంచుకున్నా "ఏళ్ల తరబడి చూడక్కర్లేదు" అనడానికి లేదు. సెంటోస్ 8 అనే సర్వర్ డిస్ట్రో వేసుకున్నవాళ్లు 2029 దాకా సపోర్ట్ ఉంటుందని లెక్కేసుకున్నారు. 2021 డిసెంబరు 31తోనే ముగిస్తామని దాని నిర్వాహకులు 2020 డిసెంబరులో ప్రకటించారు. సర్వర్లు నడుపుతున్నవాళ్ల చేతిలో మిగిలింది ఏడాది. ఆల్మా, రాకీ పుట్టింది ఆ ఖాళీలోనే. కోడ్ తెరిచి ఉంది కాబట్టి ఇంకొకరు అందుకోగలిగారు, అది ఓపెన్ సోర్స్ గొప్పతనమే. కానీ మారే పని ఎవరి సర్వర్‌కు వాళ్లే చేసుకోవాల్సి వచ్చింది.

"వైరస్ రాదు, అప్‌డేట్లు అక్కర్లేదు."

విండోస్ కోసం రాసిన వైరస్ ఫైలును లినక్స్‌లో నొక్కితే సాధారణంగా ఏమీ కాదు. ఈ అపోహ అక్కడినుంచే పుట్టి ఉంటుంది. సర్వర్ల మీద దాడి చేసేవాళ్లు మీరు ఫైలు నొక్కేదాకా ఆగరు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లో అప్పటికి రెండేళ్లుగా ఉంది. కోడ్ అందరికీ కనబడుతూనే ఉన్నా ఎవరి కంటా పడలేదు. దాంతో బయటి మనిషి సర్వర్ మెమరీలోని ముక్కలను, కొన్నిసార్లు రహస్య తాళాలను కూడా చదవగలిగేవాడు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ వచ్చింది. అది పాకింది లినక్స్ నడిచే కెమెరాలకు, రౌటర్లకే. అందుకు వాడింది ఫ్యాక్టరీ నుంచి మార్చకుండా వదిలేసిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లు, 60కి పైగా జతలు, అంతే. ఆ ఏడాది అక్టోబరు 21న డైన్ అనే డీఎన్ఎస్ (సైట్ పేరును దాని చిరునామాగా మార్చే) సంస్థ మీద మిరాయ్ సోకిన పరికరాలతో జరిగిన దాడి వల్ల ట్విటర్ లాంటి సైట్లే చాలామందికి అందకుండా పోయాయి.

ఇంటి సర్వర్‌లో చేయాల్సింది కొండంత పనేమీ కాదు. భద్రతా సవరణలు వాటంతటవే పడేలా పెట్టుకోవాలి (డెబియన్, ఉబుంటుల్లో దానికి అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్ అనే ప్యాకేజీ ఉంది). ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే మార్గంలో) పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి తాళం ఫైలుతోనే రానివ్వాలి. కెర్నెల్ మారినప్పుడు రీబూట్ చేయాలి. చాలామంది మరిచిపోయేది ఈ చివరిదే. ఏళ్ల తరబడి ఆపకుండా నడుస్తోందని గొప్పగా చెప్పుకునే సర్వర్ సాధారణంగా పాత లోపాలున్న కెర్నెల్‌తోనే నడుస్తూ ఉంటుంది.

"ఎంత పాత కంప్యూటరైనా."

పది పన్నెండేళ్ల కంప్యూటర్‌కు మంచి ఆయుష్షే పోయవచ్చు, ముఖ్యంగా హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే. కానీ 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు పాతకాలపు 32-బిట్ పీసీల కోసం ఇన్‌స్టాలర్ లేదు. డెస్క్‌టాప్ ఎంత తేలికైనదైనా మెమరీని తినేది బ్రౌజర్. రెండు జీబీ ర్యామ్‌తో అది కుంటుతూనే ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పాలి.

"విండోస్ సాఫ్ట్‌వేర్లన్నీ నడుస్తాయి."

నడవవు. విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే వైన్‌తో చాలా నడుస్తాయి, 2018లో ఆటల కోసం ప్రోటాన్ వచ్చాక ఆటలు ఆశ్చర్యపోయేంత నడుస్తున్నాయి. ఫోటోషాప్‌కు లినక్స్ వెర్షన్ లేదు. మోసం పట్టడానికి కెర్నెల్ లోపల కాపలా కూర్చునే వాలొరాంట్ లాంటి ఆటలు ఆడనివ్వవు. మీ జీవనాధారం ఒక ప్రోగ్రామ్ మీద ఉంటే ముందు దాని సంగతి తేల్చుకోండి.

"పోయేదేమీ లేదు."

ఓఎస్ పోతే మళ్లీ వస్తుంది. ఇన్‌స్టాలర్‌లో "డిస్క్ మొత్తం చెరిపివేయి" అన్నదాన్ని తెలియక ఎంచుకుంటే పిల్లల ఫొటోలు తిరిగి రావు. సర్వర్‌లో రెండు డిస్కులను అద్దంలా జతచేసి అదే బ్యాకప్ అనుకునేవాళ్లూ ఉన్నారు. ఒక డిస్క్‌లో పొరపాటున చెరిపింది ఆ క్షణమే రెండోదాంట్లోనూ చెరిగిపోతుంది. ముందు ఫైళ్లన్నీ బయటి డిస్క్‌కు ఎక్కించి, వేరే కంప్యూటర్‌లో వాటిని తెరిచి చూడండి. తర్వాత పెన్ డ్రైవ్ నుంచి ఓఎస్‌ను ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి, వై-ఫై, సౌండ్, ప్రింటర్, మూత మూసి తెరిస్తే నిద్ర లేవడం, అన్నీ పరీక్షించండి. ఇన్‌స్టాల్ బటన్ సంగతి ఆ తర్వాత.