"పైల్స్ వేశాం కదా" అంటే సరిపోదు

నేల కింద రైలు టన్నెల్ తవ్వుతుంటే పక్కనున్న బిల్డింగ్ కుంగకుండా, మధ్యలో పైల్స్ (భూమిలోకి దింపే కాంక్రీట్ స్తంభాలు) వేస్తుంటారు. మొన్న అలాంటి ఒక మీటింగ్‌లో ఒకాయన ప్లాన్ మీద ఎర్ర పెన్నుతో వరసగా చుక్కలు పెట్టి, "ఇక్కడ పైల్స్ వేసేస్తాం, ఇక బిల్డింగ్‌కి ఏ ఢోకా ఉండదు" అన్నారు. సెక్షన్ (నేలని నిలువునా కోసినట్టు లోతులు చూపే బొమ్మ) ఏదండీ అని అడిగాను. వెతికి తెచ్చారు. చూస్తే పైల్ అడుగు టన్నెల్ నెత్తికి మూడు మీటర్ల పైనే ఆగిపోయింది! ప్లాన్‌లో కోటగోడ, సెక్షన్‌లో గాల్లో వేలాడే పళ్ల వరస. ఆ కడుపుమంటతోనే ఇది రాస్తున్నాను.

అసలు నేల ఎందుకు కుంగుతుంది? టీబీఎం (టన్నెల్ తొలిచే యంత్రం) తొలిచే రంధ్రం, దాని వెనక బిగించే కాంక్రీట్ రింగు కన్నా కాస్త పెద్దది. ఆ సందులోకి మట్టి జరుగుతుంది. యంత్రం ముందు ఒత్తిడి తగ్గితే అటు నుంచీ లోపలికి వస్తుంది. ఆ డ్రాయింగ్‌లోని 6 మీటర్ల టన్నెల్‌నే తీసుకోండి. ఇలా అదనంగా లోపలికి జరిగే మట్టిని లోటు అంటాం. అది టన్నెల్ ఘనపరిమాణంలో ఒక్క శాతం అనుకుంటే, ప్రతి మీటరు పొడవుకీ సుమారు 0.28 ఘనపు మీటర్లు. బంకమట్టిలో 20 మీటర్ల లోతున ఉంటే, ఆ లోటు పైకి వచ్చేసరికి వెడల్పుగా పరుచుకుని నడిమధ్యన 11 మిల్లీమీటర్ల గుంటగా తేలుతుంది. 1969లో మట్టి ఇంజినీరు రాల్ఫ్ పెక్ చెప్పిన గంట ఆకారం లెక్క ఇది. ఇవాళ్టికీ ముందు వేసేది ఇదే. 11 మిల్లీమీటర్లేగా అని తేలిగ్గా తీసెయ్యకండి. బిల్డింగ్ మొత్తం ఒకేలా దిగితే తలుపు కూడా కిర్రుమనదు. ఒక మూల దిగి రెండో మూల దిగకపోతేనే గోడ చీలుతుంది.

టన్నెల్‌కీ పునాదికీ మధ్య పైల్స్ వరస వేసేది ఆ కదలిక అక్కడితో తెగిపోవాలని. అలా తెగాలంటే పైల్ టన్నెల్ అడుగును దాటి, కదలని మట్టిలో నాటుకోవాలి. మధ్యలో ఆగిందా, టన్నెల్ నెత్తి దగ్గర మట్టి నేల మీద కన్నా ఎక్కువ కుంగుతుంది కదా, దాంతో పాటు పైలూ దిగుతుంది, చుట్టుపక్కల మట్టినీ లాక్కుపోతుంది. డబ్బిచ్చి మరీ లోతులో ఉన్న కుంగుడుని పైకి తెచ్చుకోవడం.

ఇంకో సంగతి. పైల్స్ వరస అంటే మట్టిలో ఒక గోడే. గరుకు గోడైతే మట్టిని గట్టిగా పట్టుకుంటుంది, మంచిదేగా అంటారు. సెంట్రిఫ్యూజ్ నమూనాల్లో (చిన్న నమూనాని గిరగిరా తిప్పి, అసలు లోతులో ఉండే బరువు పడేలా చేసే పరీక్షల్లో) తేలింది దీనికి ఉల్టా. గోడ నున్నగా ఉంటే టన్నెల్ వైపు మట్టి దాన్ని ఒరుసుకుంటూ జారిపోతుంది. గరుకుగా ఉంటే గోడనీ కిందకి ఈడుస్తుంది. బోరు తవ్వి కాంక్రీట్ పోసిన పైల్ నున్నగా ఎక్కడ వస్తుంది? అందుకే లోతు దగ్గర కక్కుర్తి పడకూడదు.

బార్సిలోనాలో అలా కక్కుర్తి పడలేదు. సగ్రద ఫమిలియా చర్చి పునాదుల పక్కనుంచే హైస్పీడ్ రైలు టన్నెల్ వేయాల్సి వచ్చింది. మధ్యలో 1.5 మీటర్ల వ్యాసంతో, సుమారు 40 మీటర్ల లోతుకి పైల్స్ దింపారు. 2010లో టీబీఎం దాటింది, చర్చికి ఏమీ కాలేదు. ఆ క్రెడిట్ మొత్తం పైల్స్‌కే ఇవ్వను, యంత్రాన్ని ఒద్దికగా నడిపినవాళ్లకీ ఇవ్వాలి. లండన్‌లో జూబిలీ లైన్ అనే మెట్రో మార్గం పనుల్లో బిగ్ బెన్‌ని కాపాడినదైతే పైల్స్ కాదు, పునాది కింద దఫదఫాలుగా ఎక్కించిన గ్రౌట్ (ఒత్తిడితో పంపే పల్చటి సిమెంట్ ముద్ద).

పైగా పైలింగ్ కూడా నేలని కదిలిస్తుంది, ఇది ఎవరూ మాట్లాడరు. ఒక సైట్‌లో పాత గోడకి ఆనుకుని రిగ్ (బోరు తవ్వే యంత్రం) పెట్టి, కేసింగ్ (బోరు గోడ కూలకుండా దింపే ఉక్కు గొట్టం) లేకుండా బోర్లు తవ్వారు. అప్పటికే ఉన్న పగులు పెరిగితే తెలియాలని దాని మీద మేం అతికించిన గాజు పట్టీ నాలుగో రోజు ఉదయానికి రెండు ముక్కలైంది. టీబీఎం అప్పటికింకా రెండు వందల మీటర్ల అవతల ఉంది. ఇంటాయన ఆ ముక్క చేత్తో పట్టుకొచ్చి, "ఇది మమ్మల్ని కాపాడ్డానికేనా సార్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ముందు జాగ్రత్త పడాల్సింది యంత్రం దగ్గర. ముందు ఒత్తిడి తగ్గకుండా చూడాలి, రింగు వెనక గ్రౌట్ ఎప్పటికప్పుడు నిండాలి, నేల ఎంత దిగిందో చెప్పే లెవెల్ రీడింగ్‌లు ప్రతి షిఫ్టులో చూడాలి, వారం చివర రిపోర్టులో కాదు. అక్కడ లోటు సగానికి తగ్గితే పైన గుంటా సగమే. అదంతా చేశాక కూడా లెక్క కుదరకపోతే పైల్స్ వేద్దాం, నేనే సంతకం పెడతాను.

నిన్న ఆ డ్రాయింగ్ రివిజన్ వచ్చింది. పైల్ పొడవు ఐదు మీటర్లు పెంచారు. అంటే ఇప్పుడు టన్నెల్ నడుముకి ఇంకా మీటరు పైన ఆగింది. వెనక్కి పంపాను.