నిక్సన్ రేడియోలో గెలిచాడా? ఆ లెక్క ఎక్కడిదో చూద్దాం

పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుల్లో, వాట్సాప్ ఫార్వార్డుల్లో తెగ తిరిగే కథ ఒకటుంది కదా, 1960 సెప్టెంబర్ 26న చికాగోలో అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడ్డ కెన్నెడీ, నిక్సన్‌ల మొదటి డిబేట్‌ని రేడియోలో విన్నవాళ్ళంతా నిక్సన్ గెలిచాడన్నారట, టీవీలో చూసినవాళ్ళంతా కెన్నెడీ అన్నారట, కాబట్టి మాటల్లో ఏముంది, లుక్కే అంతా అని.

ముందు ఆ రేడియో లెక్క సంగతి. దానికి ఉన్న పెద్ద ఆధారం సిండ్లింగర్ అనే కంపెనీ చేసిన ఒక సర్వే. రెండు వేల పైచిలుకు మందిని అడిగితే రేడియోలో విన్నవాళ్ళు 282 మంది తేలారు, అందులో ఎవరు గెలిచారో చెప్పింది 178 మందే! కోట్ల మంది చూసిన డిబేట్‌కి ఇదా లెక్క? కమ్యూనికేషన్ స్కాలర్లు డేవిడ్ వాన్సిల్, సూ పెండెల్ 1987లోనే దీన్ని చీల్చి చెండాడారు. అప్పటికి టీవీ లేకుండా రేడియో మీదే ఉన్నవాళ్ళు ఎక్కువగా పల్లెల జనం అయ్యుండొచ్చు, ప్రొటెస్టెంట్లు, కేథలిక్ అయిన కెన్నెడీ అంటే ముందే పడనివాళ్ళు కూడా అయ్యుండొచ్చు, మరి వాళ్ళు నిక్సన్ అంటే అది గొంతు మహిమ ఎలా అవుతుంది?

నిక్సన్ నీరసంగా కనిపించాడన్నది మాత్రం నిజమే. మోకాలి ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రిలో పడుండి వచ్చాడు, పైగా లేతరంగు సూటు. కానీ నీరసంగా కనిపించడం వేరు, జనం అందుకే ఓటెయ్యలేదనడం వేరు.

అలాగని లుక్కు అసలు పనిచెయ్యదని నేననను. 2003లో జేమ్స్ డ్రక్‌మన్ అనే పొలిటికల్ సైంటిస్ట్ అదే డిబేట్‌ని కొందరికి వినిపించి, కొందరికి చూపిస్తే, చూసినవాళ్ళు కెన్నెడీ వైపు మొగ్గారు. అంతవరకు ఒప్పుకోవాల్సిందే, కాకపోతే అది 43 ఏళ్ళ తర్వాత చేసిన ప్రయోగం, 1960 ఓటర్ల లెక్క కాదు.

ఇక ఆ ఒక్క రాత్రితోనే నిక్సన్ ఎన్నికల్లో ఓడిపోయాడంటారా? డిబేట్లు నాలుగు జరిగాయి. 6.8 కోట్ల పైగా పోలైన ఓట్లలో తేడా లక్ష చిల్లర. అంత చిన్న తేడాకి ఎవరికి నచ్చిన కారణం వాళ్ళు చెప్పుకోవచ్చు.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఈ కథ చెప్పేవాళ్ళెవరూ ఆ రాత్రి ఏం మాట్లాడారో చెప్పరు. టాపిక్ దేశం లోపలి విషయాలు. కెన్నెడీ మొదటి మాటలోనే లింకన్‌ని తెచ్చి, అక్కణ్ణుంచి సోవియట్ నేత క్రుశ్చేవ్ దాకా లాగి, అమెరికా ఇంకా ముందుకెళ్ళాలన్నాడు. నిక్సన్ లేచి, కెన్నెడీ చెప్పిన ఆ స్ఫూర్తితో పూర్తిగా ఏకీభవిస్తున్నా అంటూ మొదలుపెట్టాడు, తేడా దారుల్లోనే గానీ గమ్యంలో కాదన్నాడు. ప్రత్యర్థి గీసిన గీతలోకి తనే నడిచెళ్ళాడు. అది రేడియోలోనూ వినపడింది.