పులికాట్ కోటకు అరగంట చాలదు
సముద్రం చూడ్డానికి పోయినప్పుడు పాత కోటలకు అరగంట చాలు, మొండిగోడలు తప్ప ఏముంటాయి అని ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. మాది తిరుపతి. పోయిన సంక్రాంతి సెలవుల్లో పిల్లకాయల్ని తీసుకుని మద్రాసుకు ఉత్తరాన తీరంలో ఉండే పులికాట్ పోయినాం. 1613లో డచ్చివాళ్లు కట్టిన గెల్డ్రియా కోటలో ఇప్పుడు మిగిలింది తక్కువే, అంతా ముళ్లకంపలు. ఆ మాట నిజం. కానీ దగ్గర్లోనే డచ్చి సమాధుల తోట ఉంది. దాని వాకిట్లో అటొకటి ఇటొకటి రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. మా చిన్నోడు వేలు చూపిస్తా ఎముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటా అక్కడినుంచి కదిలితే ఒట్టు! సమాధి రాళ్ల మీద అక్షరాలు కూడా ఇంకా చెరిగిపోలేదు, వాటికే మాకు గంట పట్టింది. ఇంకో సంగతి, ఈ తీరం కథ మన ఊరి పక్కనుంచే మొదలవుతుంది. 1639లో మద్రాసు స్థలం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చిన దామర్ల వెంకటాద్రి నాయకుడు తిరుపతి పక్కనుండే చంద్రగిరి నుంచి ఏలిన విజయనగర రాయల కింది సామంతుడే. అందుకే మన పక్కవాళ్లెవరైనా తీరానికి బయల్దేరేముందు ఒక పూట చంద్రగిరి రాజమహల్ చూసి పొండి. పొద్దున్నే పోతే ఎండ తగలదు, పైఅంతస్తు కమాన్లు నిదానంగా చూడొచ్చు.