మోడల్‌తో పాటు కారణమూ పంపండి

ఇక్కడ అమెరికాలో మనవాళ్లు నడిపే ఆర్కిటెక్చర్ ఆఫీసుల పని కొంత హైదరాబాద్‌లో జరుగుతుందన్నది కొత్త సంగతి కాదు. రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసిన భవనం త్రీడీ మోడల్ క్లౌడ్‌లో ఉంటుంది. ఇక్కడివాళ్లూ అక్కడివాళ్లూ అదే మోడల్ తెరిచి, ఎవరి వర్క్‌సెట్‌లో (మోడల్‌లో తమకు పంచిన భాగంలో) వాళ్లు పనిచేసి సింక్ కొడతారు, అంటే తమ మార్పులు అందరి మోడల్‌లో కలుపుతారు. చలికాలంలో హైదరాబాద్‌లో పొద్దున 9 అయితే న్యూయార్క్‌లో ముందురోజు రాత్రి పదిన్నర. మనం పడుకునే వేళకి వాళ్లు మొదలుపెడతారు. ఏర్పాటు మంచిదే. నా పేచీ అంతా మోడల్ మీద మనం రాసే కామెంట్లతోనే.

"తలుపు పక్క గోడ జరపండి" అని రాస్తాం. ఎందుకో రాయం. ఎదురుగా వచ్చి లాగి తెరిచే తలుపుకి, హ్యాండిల్ వైపు అంచు దాటాక కనీసం 18 అంగుళాల ఖాళీ ఉండాలని ఏడీఏ (వికలాంగుల హక్కుల అమెరికా చట్టం) ప్రమాణాలు చెబుతాయి. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి తలుపు లాగితే అది తన మోకాళ్ల మీదికే వస్తుంది, పక్కకు జరగడానికి చోటు కావాలి. ఈ రెండు ముక్కలు రాస్తే అక్కడి అమ్మాయి ఆ ఫ్లోర్‌లో అలాంటి తలుపులన్నీ తనే సరిచూసుకుంటుంది. రాయకపోతే ఆ ఒక్క గోడే జరుపుతుంది. వారం తర్వాత క్లోజెట్ పెద్దది చేయమంటే అదే గోడను మళ్లీ వెనక్కి తెస్తుంది. అప్పుడు "అక్కడివాళ్లకి బిల్డింగ్ కోడ్ తెలియదు" అనేస్తాం. చెప్పకుండా ఎలా తెలుస్తుంది?

డక్ట్ (గాలి గొట్టం) బీమ్‌కి తగిలిందని క్లాష్ డిటెక్షన్, అంటే మోడల్‌లో ఏది దేనికి అడ్డొస్తోందో వెతికే సాఫ్ట్‌వేర్ తనిఖీ, చూపిస్తుంది. డక్ట్ దారి మళ్లించాలా, సీలింగ్ దించాలా అన్నది మనుషులు కూర్చుని తేల్చాలి. ఆ చర్చ ఇక్కడే అయిపోయి, హైదరాబాద్‌కి తీర్పు మాత్రమే వెళుతోంది. ఇక్కడ పొద్దున 8 అంటే అక్కడ సాయంత్రం ఐదున్నరో ఆరున్నరో. వారానికి ఒకరోజైనా మీటింగ్ ఆ వేళకి పెట్టి, టీమ్ లీడ్‌నే కాక మోడల్ చేసినవాళ్లనూ మాట్లాడనివ్వాలి. వాళ్లు మర్నాడు ఆలస్యంగా వచ్చే వీలూ ఇవ్వాలి.

ఇక పేర్లు. డ్రాయింగ్ మీద సీలు వేసేది ఇక్కడి రాష్ట్రం లైసెన్స్ ఇచ్చిన ఆర్కిటెక్టే, చట్టప్రకారం బాధ్యతా వారిదే. దాన్ని మార్చమనడం లేదు. కానీ భవనం పూర్తయ్యాక వెబ్‌సైట్‌లో ఫొటోల కింద టీమ్ పేర్లు వేసేటప్పుడు హైదరాబాద్ పేర్లు ఎందుకు వదిలేస్తారు? ఎవరు ఎప్పుడు సింక్ చేశారో మోడల్ హిస్టరీలోనే ఉంది. రేపు వేరే ఉద్యోగానికి వెళితే ఆ కుర్రాళ్లు చూపించుకోగలిగేది ఆ పేరొక్కటే. మన సంఘంలో ఆఫీసులు నడిపేవాళ్లను అడుగుతున్నాను: కొత్త ప్రాజెక్టుల్లోనే కాదు, పాత ప్రాజెక్టుల పేజీల్లో కూడా వాళ్ల పేర్లు చేర్చండి.