మహారాజశ్రీ యూయూఐడీ గారికి

ఒక సామాన్య ప్రోగ్రామర్ నమస్కరించి రాసుకునేది. కంప్యూటర్లో ప్రతి ఆర్డర్‌కూ, ప్రతి మనిషికీ ఇంకెవరికీ రాకుండా తగిలించే పొడవాటి గుర్తింపు పేరు కదా తమరు, క్షేమమని తలుస్తాను. ఎవరితోనూ పోలిక లేనివారికి క్షేమానికేం లోటు!

నిన్న రాత్రి రెండు గంటలకు సర్వర్ మొరాయించింది. తప్పు ఏ ఆర్డర్‌లో ఉందో చూద్దామని సహోద్యోగి ఫోన్‌లో తమ నామధేయం చదవడం మొదలుపెట్టాడు. అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ కలిపి 32 గుర్తులు, మధ్యలో 4 గీతలు. అంకెలున్నంతసేపూ బాగానే నడిచింది. తర్వాత బీ, సీ, డీ, ఈ... అన్నీ ఒకే రాగం. "డీనా?" అంటే "కాదు, బీ" అంటాడు. మూడోసారి చదివాక తేలిందేమిటంటే, వాడు చూస్తున్నది కింది వరుసలో ఉన్న ఇంకో తమరిని. సరే, కాపీ చేసి పంపమన్నాను. చివరి అక్షరం తెగిపోయి వచ్చింది.

ఇంతకీ ఎవరీ పెద్దమనిషి అని తమ వంశచరిత్ర తిరగేశాను. మొదటి వెర్షన్ వారు 1582 అక్టోబరు 15 నుంచి కాలాన్ని వంద నానోసెకన్ల చొప్పున లెక్కపెడతారట. గ్రెగరీ క్యాలెండర్ మొదలైన రోజు కదా, పంచాంగం పక్కాగా ఉండాలి మరి! పైగా పుట్టిన మెషీన్ మ్యాక్ అడ్రస్‌ను, అంటే దాని నెట్‌వర్క్ కార్డు నంబరును, పచ్చబొట్టులా ఒంటిమీద వేసుకు తిరిగేవారు. 1999లో మెలిస్సా వైరస్ ఎక్కణ్నుంచి వచ్చిందో వెతికినవాళ్లు వర్డ్ ఫైల్లో ఆ పచ్చబొట్టునే పట్టుకు చూశారు.

నాలుగో వెర్షన్ వారికి ఈ తతంగం లేదు. 128 బిట్లలో 122 బిట్లను పాచికలు వేసి నింపేస్తారు. మరి రెండుసార్లు ఒకటే పడితే? పడదని హామీ లేదు, పడటం కష్టం, అంతే. ఎక్కడో ఒక జత కలవడానికి సగానికి సగం అవకాశం రావాలన్నా సుమారు 27 వేల కోట్ల కోట్ల తమరులు పుట్టాలి. లెక్కకు దండం పెట్టాను. కానీ పాచికలు నిజాయతీగా పడాలి కదా! మా దగ్గర ఒక మహానుభావుడు టెస్టింగ్ కోసమని ర్యాండమ్ సీడ్‌ను, అంటే పాచికల వరుస ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అంకెను, 42గా రాసి, తీయడం మర్చిపోయాడు. రెండు సర్వర్లూ ఒకే పేర్లు, అదీ ఒకే వరుసలో, కనడం మొదలుపెట్టాయి. విశ్వమంతటికీ ఏకైకమన్న బిరుదు మధ్యాహ్నానికల్లా మంటగలిసింది. (ఆ మహానుభావుణ్ని నేనే. ఎవరికీ చెప్పకండి.)

డేటాబేస్‌లో తమ సంసారం ఇంకో కథ. తమరు వరుసలో నిలబడరు. వచ్చిన ప్రతివారూ ఇండెక్స్‌లో (త్వరగా వెతకడానికి పేర్లను వరుసగా పేర్చుకునే జాబితాలో) ఎక్కడో మధ్యలో దూరుతారు, నిండిన పేజీ రెండుగా చీలుతుంది, టేబుల్ పెరిగేకొద్దీ డిస్క్ రొప్పుతుంది. 2024లో ప్రమాణంలోకి ఎక్కిన ఏడో వెర్షన్ వారు నయం, మొదటి 48 బిట్లలో టైమ్ పెట్టుకుని బుద్ధిగా చివర్లో నిలబడతారు. మా పాత టేబుళ్లలో మాత్రం నాలుగో వారే తిష్ఠ వేశారు.

అలాగని 1, 2, 3 అని అంకెలేస్తే? 32 బిట్ల గడిలో 214 కోట్లు దాటగానే గోడ. అంతకంటే ముందే, లింకులో 57 తీసి 58 కొట్టి పక్కవాడి బిల్లు చూసేవాడొకడు తయారవుతాడు. అందుకే తమరిని భరిస్తున్నాం. తమ పేరు ఊహించలేరు కదా అని లాగిన్ అడగడమే మానేసిన ఘనులూ మాలో ఉన్నారు, వాళ్ల సంగతి వేరే ఉత్తరంలో.

ఇట్లు,
తమ విధేయుడు.

ఉద్యోగుల టేబుల్లో నా పేరు 7తో మొదలై ఎఫ్‌తో ముగుస్తుంది. మధ్యలోది నాకూ నోటికి రాదు. గీతలు వదిలేసి లెక్కపెడితే పదమూడోది మాత్రం 4. నాలుగో వెర్షన్‌లో పుట్టిన ఏకైకులందరికీ అక్కడ అదేనట.